వాంతులు, విరేచనాలు తగ్గుముఖం పట్టాక ఏం తినాలి? గదిలో రైస్ కుక్కర్ ఒక్కటే ఉంది

జీడితోట:

మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. మాది పలాస దగ్గర పల్లె. శనివారం రాత్రి స్నేహితులతో కలిసి బయట మండి (అరబ్బీ పద్ధతిలో చేసే మాంసం, అన్నం) తిన్నాం. అర్ధరాత్రి దాటాక వాంతులు మొదలయ్యాయి, తెల్లవారేసరికి విరేచనాలు కూడా. దగ్గరలోని క్లినిక్‌కు వెళితే డాక్టరు వాంతులకు మాత్ర, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రాసి, కొన్నాళ్లు తేలికపాటి ఆహారం తీసుకోమన్నారు. తేలికపాటి ఆహారం అంటే ఏమిటని అడిగే ఓపిక అప్పుడు లేదు.

ఇప్పుడు వాంతులు పూర్తిగా ఆగాయి. విరేచనాలు తగ్గాయి కానీ ఇంకా నీళ్లగానే ఉన్నాయి. జ్వరం లేదు, రక్తం పడటం లేదు. ఈ రోజు పొద్దున్న ఆకలి వేసింది. హాస్టల్‌లో పూరీ, బంగాళాదుంప కూర పెట్టారు. ఆ నూనె వాసనకే కడుపులో తిప్పింది. సరే కదా అని పాలలో బ్రెడ్డు ముంచుకుని తిన్నాను. కాసేపటికే కడుపు ఉబ్బి, గుడగుడమని, మళ్లీ పరుగు. అప్పటి నుంచి ఏం తినాలన్నా భయంగా ఉంది.

అమ్మ ఫోనులో లంఖణం చేయమంటోంది. గదిలో ఉండే అమ్మాయి, ఓఆర్ఎస్ లాంటివే అని పండ్ల రుచి ఉన్న అట్టపెట్టె డ్రింకులు తెచ్చి పెట్టింది. ఆఫీసులో ఒకరు పెరుగన్నం తినమంటారు, ఇంకొకరు పెరుగు అసలు ముట్టవద్దంటారు. నా దగ్గర చిన్న రైస్ కుక్కర్, సోనా మసూరి బియ్యం, పెసరపప్పు, అటుకులు, వాము, జీలకర్ర, ఇంటి నుంచి తెచ్చుకున్న జీడిపప్పు, ఆవకాయ ఉన్నాయి. వీటితో ఏం వండుకోవచ్చు? ఏది ముందు, ఏది తర్వాత తినాలి? తెలిసినవారు చెప్పగలరు.

అనంతపురం మాస్టారు:

అమ్మా, మీ అమ్మగారు చెప్పిందే సరైనది. లంఖణం పరమౌషధం అని పెద్దలు ఊరికే అనలేదు. కడుపుకు విశ్రాంతినిస్తే అదే సర్దుకుంటుంది. ఒక రోజంతా కాచి చల్లార్చిన నీళ్లు మాత్రం తాగి పడుకోండి. మరునాడు రాగి అంబలి మజ్జిగలో కలుపుకుని తాగండి. మా ఇంట్లో మొదటి నుంచీ ఇదే పద్ధతి.

కాకినాడ నర్సమ్మ:

జీడితోట అమ్మాయీ, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. వానలు పడి కాలువలకు కొత్త నీరు వచ్చిందంటే మా గ్యాస్ట్రో వార్డులో మంచాలు చాలేవి కావు. నువ్వు నా కూతురి వయసు పిల్లవు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

ముందు నీ ఆకలి సంగతి. ఆకలి వేసిందంటే మంచి కబురు. దాన్ని మాడ్చకు. పేగు లోపలి పొర తనకు కావలసిన పోషణలో చాలా భాగం తనలోంచి వెళ్లే ఆహారం నుంచే తీసుకుంటుంది. జబ్బు వల్ల ఆ పొర దెబ్బతిని ఉన్నప్పుడు తిండి మానేస్తే అది మళ్లీ కట్టుకోవడం ఆలస్యమవుతుంది. అందుకే ఇప్పుడు ప్రపంచమంతటా విరేచనాల వైద్యంలో రెండే మాటలు ముందు చెబుతారు: పోయిన నీరు, ఉప్పు తిరిగి ఇవ్వండి, తిండి ఆపకండి.

మాస్టారు గారూ, పెద్దల మాటను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. వాంతులవుతున్న ఆ కొన్ని గంటలు ఏమీ తినకపోతే నష్టం లేదు, తినాలనీ అనిపించదు. కానీ పెద్దలు లంఖణంతో ఆగిపోలేదు. ఆయుర్వేదంలో వమన, విరేచన చికిత్సలు చేశాక సంసర్జన క్రమం అని ఒకటి పాటిస్తారు. ముందు పేయ, అంటే పలచటి జావ. తర్వాత విలేపి, అంటే చిక్కటి జావ. ఆ పైన యూషం, అంటే మన పెసరకట్టు లాంటిది. ఆఖరున మాంసరసం. చూడండి, ఎంత ఆలోచించి పెట్టిన వరసో! ఇళ్లలో లంఖణం అనే మాట మిగిలింది, దాని వెనక రావలసిన జావ మరుగున పడింది. ఉత్త నీళ్లు తాగి పడుకున్నవాళ్లకు పోయిన ఉప్పు తిరిగి రాదు. విరేచనాలు ఆగాక కూడా మంచం దిగలేక, కాళ్లు లాగేస్తున్నాయని ఏడ్చిన మనుషులను వార్డులో ఎందరినో చూశాను. అందుకే ఈ విషయంలో ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.

ఇక అమ్మాయీ, తిండి కంటే ముందు ఓఆర్ఎస్. డాక్టరు ఇచ్చిన ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపాలో చదువు. 1 లీటరుకు సరిపోయేవి, 200 మిల్లీలీటర్లకు సరిపోయేవి రెండు రకాలూ దొరుకుతాయి. కాచి చల్లార్చిన నీటిలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలుపు. సగం ఇప్పుడు, సగం రేపు అని కొలత చెడగొట్టకు. పైన చక్కెర వేయకు, జ్యూసులో కలపకు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయి. నీళ్లగా విరేచనం అయిన ప్రతిసారీ ఒక గ్లాసు, గటగటా కాకుండా కొంచెం కొంచెంగా తాగు.

కొలత గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. పేగులో గ్లూకోజు లోపలికి వెళ్లేటప్పుడు ఉప్పును వెంటబెట్టుకుని వెళుతుంది, ఆ రెంటి వెనకే నీరు వెళుతుంది. విరేచనాలు ఎంత ఎక్కువగా ఉన్నా ఈ దారి చాలావరకు తెరుచుకునే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల వెంట ఉన్న బంధువుల చేతే తాగించారు. ఆయన వైద్యం చేసినవారిలో మరణాలు నూటికి నాలుగు లోపుకు తగ్గాయి. ఆయనకు 2023లో, పోయిన తర్వాత, పద్మవిభూషణ్ ఇచ్చారు. నర్సింగు చదివే ప్రతి పిల్లకూ ఈ కథ చెప్పాలని నా కోరిక.

నీ స్నేహితురాలు తెచ్చిన అట్టపెట్టెలు పక్కన పెట్టు. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. ఎక్కువైన చక్కెర పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ఇలాంటి తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలా పేరు పెట్టడాన్ని నిషేధించింది. ఆ తల్లికి ఎంతమంది అమ్మలు రుణపడి ఉన్నారో!

పాలు, బ్రెడ్డు నీకు ఎందుకు పడలేదో చెబుతాను. తప్పు బ్రెడ్డుది కాదు. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము పేగు పొర కొనల్లో ఉంటుంది. విరేచనాల జబ్బులో ముందుగా రాలిపోయేవి ఆ కొనలే. అవి మళ్లీ చిగురించే దాకా పాలు అరగక కింది పేగులోకి దిగి, అక్కడ పులిసి, గ్యాసు, గుడగుడ, నీళ్ల విరేచనం. కొంతమందికి ఇది వారం, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. అందుకని పాలు, పాయసం, ఐస్‌క్రీం, పాలు పోసిన టీ, కాఫీ కొన్నాళ్లు మానేయి. పెరుగు వేరు. తోడు వేసినప్పుడే ఆ చక్కెర కొంత విరిగిపోతుంది, మిగిలినదాన్ని అరిగించడానికి పెరుగులోని సూక్ష్మజీవులు సాయపడతాయి. కాబట్టి నీ ఆఫీసులో పెరుగన్నం అన్నవారు తప్పు చెప్పలేదు. పుల్లగా అయిపోయిన హాస్టల్ పెరుగు మాత్రం వద్దు. ఆ రోజుదే తెచ్చుకుని, నాలుగింతలు నీళ్లు పోసి, ఉప్పు, చిటికెడు వేయించిన జీలకర్ర వేసి పలచటి మజ్జిగగా మొదలుపెట్టు.

ఇప్పుడు గంజి. నీ కుక్కర్ చిన్నదంటున్నావు కాబట్టి పావు కప్పు బియ్యం కడిగి అర లీటరు నీళ్లు పోయి. గిన్నెలో సగానికి మించకూడదు, గంజి పొంగుతుంది. మూత ఓరగా పెట్టు. నీళ్లున్నంత సేపూ కుక్కర్ తనంతట తాను ఆగదు, దగ్గరే ఉండి చూసుకోవాలి. మెతుకు రెండు వేళ్ల మధ్య నలిగి వెన్నలా అయ్యే వరకు ఉడకనిచ్చి నువ్వే స్విచ్ కట్టేయి. చెంచాతో మెదిపి, పావు టీ చెంచా ఉప్పు వేయి. చిక్కబడితే వేడి నీళ్లు పోసి జారుగా చేసుకో. మొదట ఒక టీ గ్లాసు. కడుపు ఒప్పుకుంటే రెండు గంటలకు మరొకటి. అన్నంలోని పిండి పదార్థం నెమ్మదిగా గ్లూకోజుగా మారుతుంది, చక్కెర నీళ్లలా ఒక్కసారిగా నీటిని లాగదు. ఉప్పు వేసిన గంజిలో అన్నమూ ఉంది, మందూ ఉంది.

ఒక జాగ్రత్త. పొద్దున్న వండినది రాత్రి దాకా కుక్కర్‌లో ఉంచి తినకు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, తిరిగి వేడి చేసినా ఆ విషం పోదు. ఏ పూటకు ఆ పూట కొంచెమే వండుకో. ఎండకాలంలో చద్దన్నం నాకూ ఇష్టమే, కానీ ఈ వారం వద్దు.

గంజి నిలిచిందా, సాయంత్రమే పెసరపప్పు కలుపు. ఇది మాత్రం వాయిదా వేయకు. చాలామంది రోజుల తరబడి గంజి, బ్రెడ్డు, అరటిపండు మీదే ఉండిపోతారు. అమెరికాలో కూడా ఒకప్పుడు పిల్లలకు అరటిపండు, అన్నం, ఆపిల్ గుజ్జు, కాల్చిన బ్రెడ్డు మాత్రమే పెట్టమనేవారు. అందులో మాంసకృత్తులు చాలవని తర్వాత అక్కడి పిల్లల డాక్టర్లే ఆ పద్ధతి వదిలేశారు. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పొట్టు తీసిన పెసరపప్పు, ఆరింతల నీళ్లు, ఉప్పు, కొంచెం జీలకర్ర, చిన్న అల్లం ముక్క. మెత్తగా ఉడికాక అర చెంచా నెయ్యి చాలు. మిరియాలు, పోపు వద్దు. మీ ఊరి జీడిపప్పు ఎంత కమ్మగా ఉన్నా ఇందులో వేయకు, దానిలో కొవ్వు ఎక్కువ. కందిపప్పు, శనగపప్పు కంటే పెసరపప్పు తక్కువ గ్యాసు చేస్తుంది కాబట్టి దాన్నే పట్టుకో.

అటుకులు కడిగి మజ్జిగలో నానబెట్టుకుని తినవచ్చు. వాము నీళ్లు ఉబ్బరానికి హాయినిస్తాయి కానీ విరేచనాలను ఆపవు, అంతకు మించి ఆశించకు. మాస్టారు చెప్పిన రాగి అంబలి మంచి ఆహారమే. రాగిలో పీచు ఎక్కువ కనుక విరేచనం గట్టిపడ్డాక మొదలుపెట్టు.

మరుగుదొడ్డికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో. నీ గ్లాసు, సీసా గదిలోవాళ్లకు ఇవ్వకు. విరేచనంలో రక్తం, జిగురు కనిపించినా, జ్వరం వచ్చినా, ఏడెనిమిది గంటలు మూత్రం రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా, ఓఆర్ఎస్ కూడా వాంతి అయినా, బియ్యం కడిగిన నీళ్లలా ధారగా పోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లు. అర్ధరాత్రి అని ఆగవద్దు. రక్తం గానీ జ్వరం గానీ ఉంటే విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా మింగకు.

మిరియాల చారు:

నర్సమ్మ గారు చెప్పాక చెప్పడానికి పెద్దగా మిగల్లేదు. మా రాజమండ్రి ఇంట్లో పథ్యానికి చేసే ఒక చారు మాత్రం రాస్తాను, ఎందుకంటే రోజూ గంజి అంటే నోరు చస్తుంది. చెంచాడు ధనియాలు, అర చెంచా జీలకర్ర పొడి చేసి, ఉసిరికాయంత చింతపండు పులుసులో వేసి, ఉప్పు, కరివేపాకుతో మరిగించాలి. కారం, ఇంగువ, పోపు ఏవీ ఉండవు. పేరులో మిరియాలు పెట్టుకున్న నేనే ఇందులో మిరియం వేయను. మెత్తటి అన్నంలో పలచగా కలుపుకుంటే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి.

హాస్టల్‌లో ఇడ్లీ పెట్టే రోజు ఉంటే చట్నీ, కారప్పొడి లేకుండా వేడి ఇడ్లీ తినండి. నర్సమ్మ గారూ, మా అమ్మమ్మ పచ్చి అరటికాయ ఉడకబెట్టి మెదిపి ఉప్పు వేసి పెట్టేది. అది మంచిదేనా?

కాకినాడ నర్సమ్మ:

మిరియాల చారు గారూ, మీ అమ్మమ్మ గారికి నమస్కారం. ఢాకాలోని అంతర్జాతీయ అతిసార పరిశోధన కేంద్రంవారు ఎక్కువ రోజులుగా విరేచనాలతో బాధపడుతున్న పిల్లలకు సరిగ్గా ఇదే, పచ్చి అరటికాయ ఉడికించి అన్నంలో కలిపి పెట్టి చూశారు. త్వరగా తగ్గాయి. అరటికాయలోని పిండి కొంత చిన్న పేగులో అరగకుండా పెద్ద పేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని కొన్ని కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి, వాటి సాయంతో పెద్ద పేగు ఉప్పును, నీటిని పీల్చుకుంటుంది. తొక్కతో ఉడకబెట్టి, తర్వాత తొక్క తీసి మెదపండి. నూనెలో వేపుడు చేస్తే ప్రయోజనం పోతుంది. పండిన అరటిపండు కూడా మంచిదే, విరేచనాల్లో పోయే పొటాషియం తిరిగి వస్తుంది.

మీ చారులో చింతపండు ఇంకొంచెం తగ్గిస్తే మేలు. పులుపు ఎక్కువైతే కొందరికి కడుపులో మంట.

వరంగల్ కోడలు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా మామగారికి 68 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. నిన్నటి నుంచి ఆయనకూ ఇదే బాధ. ఓఆర్ఎస్‌లో గ్లూకోజు ఉంటుందని భయపడి ఇవ్వలేదు. కొబ్బరి నీళ్లు మాత్రం ఇస్తున్నాం. రోజువారీ మాత్రలన్నీ వేస్తున్నాం. తిండి సరిగ్గా తినడం లేదు.

కాకినాడ నర్సమ్మ:

అమ్మా, ఇది చదివిన వెంటనే ఆయన డాక్టరుకు ఫోను చేయండి, రేపటి దాకా ఆగవద్దు. ఒంట్లో నీరు తగ్గి, తిండి లేనప్పుడు కొన్ని షుగరు మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు ప్రమాదం తెస్తాయి. ఏవి ఆపాలో, ఏవి తగ్గించాలో డాక్టరే చెప్పాలి. ఇన్సులిన్ వాడుతుంటే మీ అంతట మీరు పూర్తిగా మానేయవద్దు. ఇంట్లో మీటరు ఉంటే కొన్ని గంటలకోసారి షుగరు చూసి, కాగితం మీద రాసి పెట్టండి, డాక్టరుకు పనికొస్తుంది.

ఓఆర్ఎస్ మాత్రం ఇవ్వండి. లీటరు మొత్తంలో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములు. షుగరు ఉన్నవారికి ఈ సమయంలో నీరు, ఉప్పు తగ్గిపోవడమే పెద్ద ప్రమాదం. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. అందువల్ల అవి ఓఆర్ఎస్‌కు బదులు కావు. ఆయనకు మూత్రపిండాల జబ్బు గానీ గుండె జబ్బు గానీ ఉంటే కొబ్బరి నీళ్లు ఆపి, మొత్తం ఎంత ద్రవం ఇవ్వాలో కూడా డాక్టరును అడగండి. తిండికి ఉత్త గంజి కంటే పెసరపప్పు కలిపిన జారు అన్నం, పలచటి మజ్జిగ నయం. ఒకేసారి ఎక్కువ పెట్టకుండా చిన్న గిన్నెతో ఎక్కువ సార్లు పెట్టండి.

జీడితోట:

నర్సమ్మ గారూ, మధ్యాహ్నం గంజి తాగాను, నిలిచింది. ఇప్పుడు పెసరపప్పు కలిపి కొంచెం తిన్నాను. గుడగుడ లేదు. అమ్మకు మీరు రాసినదంతా చదివి వినిపించాను. సంసర్జన క్రమం దగ్గర ఆపి మళ్లీ చదవమంది. గుడ్డు ఎప్పుడు తినవచ్చు? కాఫీ లేకపోతే తలనొప్పి వస్తోంది.

కాకినాడ నర్సమ్మ:

చాలా సంతోషం తల్లీ. రేపు కూడా ఇలాగే ఉంటే ఉడికించిన గుడ్డు ఒకటి అన్నంతో తిను, బాగా గట్టిగా ఉడకాలి. ఆమ్లెట్ వద్దు. తర్వాత బీరకాయ, సొరకాయ, పొట్లకాయ నూనె లేకుండా మెత్తగా ఉడికించుకో. విరేచనం మామూలుగా అయ్యాక ఇడ్లీ, ఉప్మా, పప్పు, అలా రోజుకొకటి చేర్చుకుంటూ పో. వేపుళ్లు, ఊరగాయలు, బయటి తిండి అన్నింటికంటే ఆఖరున. తలనొప్పి కాఫీ మానేయడం వల్ల కావచ్చు, ఒంట్లో నీరు తక్కువై కూడా కావచ్చు. ముందు ఒక గ్లాసు ఓఆర్ఎస్ తాగి చూడు. తగ్గకపోతే పాలు లేని పలచటి టీ చిన్న కప్పు తాగవచ్చు.

వరంగల్ కోడలు:

డాక్టరుతో మాట్లాడాం. రెండు మాత్రలు తాత్కాలికంగా ఆపమన్నారు, రక్త పరీక్షలు రాశారు. ఓఆర్ఎస్ ఇవ్వమనే చెప్పారు. మామగారు ఇప్పుడు అర గ్లాసు తాగారు.

కాకినాడ నర్సమ్మ:

మంచి పని చేశారు. రాత్రి కూడా మెలకువ వచ్చినప్పుడల్లా రెండు మూడు గుక్కలు తాగించండి. పొద్దున్న ఆయన్ను గభాలున లేవనివ్వకండి. మంచం మీద కాసేపు కూర్చోబెట్టి, పక్కన మనిషి పట్టుకుని నిలబెట్టండి. అప్పుడు కళ్లు తిరుగుతున్నాయంటే పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.